ముక్కు ఊడిన మెయిలు

మా అత్తగారు రుక్మిణమ్మగారి మీద నాకు పెద్ద ఫిర్యాదులేమీ లేవు, ఒక్క చింతపండు తప్ప. పులుసులోకి అడిగితే గోలీకాయంత తీసి ఇస్తారు. తోమడానికైతే కొబ్బరికాయంత నానబెడతారు. ఇత్తడి అన్నది కంటబడితే చాలు, అది ఎవరి సొత్తయినా సరే ఆవిడ చేతిలో పడి మెరవాల్సిందే. నేను కాపురానికి వచ్చిన ఏడాది వీధి తలుపు తాళంకప్పను తోమారు. అది బంగారంలా తళతళలాడింది, తెరుచుకోవడం మాత్రం మానేసింది. కొత్త కోడల్ని, శ్రావణమాసమంతా పెరటి దారినే ఇంట్లోకి వచ్చాను.

అలాంటి మనిషి ఉన్న ఇంట్లో ఆయుధపూజకు ముందురోజు ఏం జరగాలో అదే జరిగిందని పోయినవారం చెప్పాను. మామగారు గోవిందరాజులుగారు రైల్వేలో ఇంజను డ్రైవరు. ఎమర్జెన్సీ పెట్టిన ఏడాది రిటైరయ్యారు. కుప్పం క్వార్టర్సు వదిలి మదనపల్లెకు వచ్చేటప్పుడు వెంట తెచ్చుకున్న ఆస్తి ఒక అద్దాల బీరువా. దాని నిండా బొమ్మ ఇంజన్లు. మద్రాసులో కొన్న, తాళంచెవి తిప్పితే నడిచే రేకు ఇంజను, చన్నపట్నం కొయ్య ఇంజను, ఎవరో ఇంగ్లీషు దొర వదిలి వెళ్ళిన ఇనప ఇంజను. నా పుస్తకాలు పెట్టుకోవాల్సిన బీరువాలో అవన్నీ కాపురం ఉంటే, నా పుస్తకాలు బియ్యం డ్రమ్ము మీద ఉన్నాయి.

అన్నిటిలోకీ పెద్దది మూరెడు పొడుగు ఇత్తడి ఇంజను. నల్లరంగు పూసి, ముందు గుండ్రంగా పొడుచుకొచ్చిన ముక్కుతో, మద్రాసు నుంచి బెంగుళూరుకు మెయిలును లాగిన ఇంజనుకు నమూనా. మామగారు నడిపింది దాన్నే. అందుకే మా వీధిలో ఆయన్ని మెయిలు గోవిందరాజులుగారంటారు. మదనపల్లె స్టేషను వైపు నుంచి గాలి మళ్ళి చిన్నలైను బండి కూత వినబడిందంటే, "అది కూతనా, పిల్లి మూలిగినట్లుండాది" అని ఆయన అనాలి, మేము నవ్వాలి. ఆ ఇత్తడి ఇంజనును పుంగనూరులో మునస్వామి అనే కంచరి చేశాడనీ, ఇద్దరూ ప్రాణస్నేహితులనీ, ఆ తర్వాత మాటల్లేవనీ తెలుసు. ఎందుకు లేవని అడిగితే మామగారు పేపరు ఎత్తి ముఖానికి అడ్డం పెట్టుకునేవారు.

పూజ ముందురోజు ఆయన పోస్టాఫీసుకు వెళ్ళిన సందు చూసి అత్తగారు ఆ ఇంజనును వేడి చింతపండు నీళ్ళలో ముంచారు. రంగు కింద ఇత్తడి ఉందని ఆవిడకు ఎప్పటినుంచో అనుమానం. రంగు పోయింది. రంగుతోపాటు ముక్కు కూడా ఊడి ఆవిడ చేతిలోకి వచ్చింది. ముక్కు లోపలి వైపున, గిన్నెల మీద కొట్టించే చుక్కల అక్షరాలతో, ఒక పేరు కనబడింది.

ఆ పేరు రుక్మిణి.

అత్తగారు తోమే బండ మీద కూర్చుని ఆ ముక్కును తిప్పి చూశారు, మళ్ళీ తిప్పి చూశారు.

"ఇది నా సౌటు," అన్నారు చివరికి.

సౌటంటే మా వైపు సాంబారు గరిటె. అత్తగారి పెళ్ళికి వాళ్ళమ్మ ఆవిడ పేరు కొట్టించి ఇచ్చిందట. మామగారు రిటైరైన వారంలోనే కుప్పం ఇంట్లో అది మాయమైంది. ఎవరు తీశారో తేలలేదు. ఆవిడ క్వార్టర్సు వరసంతా అనుమానించి, చివరికి మనుషులను వదిలేసి గరిటెలను పట్టుకున్నారు. నేను కాపురానికి వచ్చింది మొదలు చూస్తున్నాను, మా వంటింట్లో గరిటెలన్నీ పురికొసతో మేకులకు కట్టి ఉంటాయి. గరిటె గిన్నె దగ్గరికి రాదు, గిన్నే గరిటె దగ్గరికి వెళ్ళాలి. ఇదేదో ఇంటి ఆచారం కాబోలని, బి.ఏ. చదివిన బుర్రతో చాలా కారణాలు ఊహించాను. గ్రహణాలకు సంబంధించినదేమోనని కూడా అనుకున్నాను.

అత్తగారు సౌటును చూస్తుంటే నేను ఇంజనును చూశాను. ముక్కు ఊడినచోట బొక్క ఉంటుందనుకున్నాను. లేదు. అక్కడ చదునైన గుండ్రటి తలుపుంది. తలుపు చుట్టూ నువ్వుగింజలంత బోల్టులు, పక్కన వడ్లగింజంత బందు, పైన దీపం పెట్టే చిన్న గూడు. ముక్కు ఊడిన ముఖం కాదది. దానికదే నిండు ముఖం. ఎవరో కళ్ళలో వత్తులు వేసుకుని చేసిన ముఖాన్ని, ఇంకెవరో సాంబారు గరిటెతో మూసేశారు.

నేను ఊరికే ఉండలేదు. ఊడింది అతికించాలంటే కంచరి కావాలి కదా. బస్టాండుకు వెళ్ళి పుంగనూరు బస్సు కండక్టరుతో, "మునస్వామిగారికి చెప్పండి, గోవిందరాజులుగారి ఇంజను ముక్కు ఊడిందని," అన్నాను. అంతకుమించి ఒక్క మాట చెప్పలేదు. నా ఉద్దేశాలు ఎప్పుడూ ఇలా మంచివే.

మామగారు ఇంటికి వచ్చేసరికి అత్తగారు వసారాలో ఎదురుగా కూర్చుని ఉన్నారు. చేతిలో సౌటు, పక్కన పీట మీద ఇంజను.

"ఏమయ్యా, ఇదేంది?"

మామగారు చూశారు. చెప్పులు విప్పడం ఆలస్యం చేశారు.

"ఇంజను ముక్కు."

"లోపల సూడు."

"కండ్లద్దాలు లేవే."

"ముక్కు మిందనే ఉండాయి. నా పుట్టింటి సౌటు ఇంజనుకు యాల పోయింది?"

"గుండ్రంగా ఉండాదని."

"గుండ్రంగా నీ తలకాయ గూడా ఉండాది. దాన్ని అతికించకపోయినావా?"

నేను వంటింట్లోకి వెళ్ళి నవ్వుకుని వచ్చాను. వచ్చేసరికి మామగారు ఇంజను పక్కన చతికిలబడి, పైపంచె కొసతో దాని ముఖం మీది తడి తుడుస్తున్నారు. బోల్టు బోల్టూ తుడిచారు. తుడిచినంతసేపూ చూసి, ఆ ముఖాన్ని గోడవైపు తిప్పి పెట్టారు.

"అమ్మా కౌసల్యా, ఇంట్లో నల్లరంగు ఉండాదా? రేపు పూజకు వీధంతా వస్తారు. ముక్కు అతికించేస్తా, రోంత లక్క సాలు."

"సౌటు ఇయ్యను," అన్నారు అత్తగారు.

"పూజ అయినాక తీసుకుందువు."

"ఇన్నేండ్లు నేను తాళ్ళు కట్టుకుంటా బతికినా. ఇంగ ఇది నా సేతిలోనే ఉంటాది."

కాడ లేకపోయినా ఆ రాత్రి సాంబారు ఆ సౌటుతోనే వడ్డించారు. మామగారు రెండోసారి వేయించుకోలేదు.

మర్నాడు ఆయుధపూజ. పొద్దున్నే వసారా కడిగి, ఇంట్లో ఉన్న ఇనుమంతా పీటల మీద పేర్చాను. కత్తిపీట, కుట్టుమిషను, మా ఆయన సైకిలు. మా ఆయన వెంకటేశులు పూజకు పూలు తేవడానికి వెళ్ళాడు కాబట్టి ఈ వారం కథలో లేడు. ఉన్నా పెద్ద తేడా ఉండేది కాదు. బీరువాలోని ఇంజన్లన్నీ వరసగా పెట్టాను. ఇత్తడి ఇంజనును మామగారు తనే తెచ్చి, చివరన, ముఖం గోడవైపు పెట్టి, పైన అరటాకు కప్పారు.

అప్పుడు వీధిలో గొంతు వినబడింది. మనిషి తర్వాత వచ్చాడు.

"యాడుండాడమ్మా ముక్కు లేని మెయిలు డ్రైవరు?"

తెల్లచొక్కా, నూనె పెట్టి తిప్పిన మీసం, వాన లేకపోయినా గొడుగు. నేను పరిచయం అడగలేదు. మామగారు అప్పటికే లోపలి గదిలో పేపరు వెనక్కి వెళ్ళిపోయారు. పండగని ఆరోజు పేపరు రాలేదు. ఆయన పట్టుకున్నది నిన్నటిది.

"రా మునస్వామీ," అన్నారు అత్తగారు, నిన్ననే వచ్చి వెళ్ళిన మనిషిని పిలిచినట్టు. "కాఫీ తాగుతావా?"

"తాగుతానక్కా. ముందు నా బిడ్డను సూపించు."

అరటాకు నేను తీశాను. ముఖం ఇటు తిప్పాను. మునస్వామి గొడుగు కింద పెట్టి, ముందుకు వంగి, తన పనిని తానే నోరు తెరుచుకుని చూశాడు.

"అబ్బబ్బా. ఎట్ల చేసినానమ్మా. ఇట్లాంటి పని మద్రాసులో గూడా ఎవుడూ చేయలేడు. మా పుంగనూరులో దేవుడు ఆవుల్నే ఇంతింత చేసినాడు, నాకు ఇంజను ఒక లెక్కనా?"

"మీరు నడిచే ఇంజను చూసి చేశారా?" అన్నాను, పేపరు వెనక ఉన్నవాళ్ళకు కూడా వినబడేట్టు.

"సూడకుండా ఎట్ల చేస్తారమ్మా? కుప్పం సంతకు బిందెలు తీసకపోతాంటి. అమ్ముకోని, ఈ అక్క చేతి సంగటి తిని, ప్లాట్‌ఫారం మింద కూసుంటాంటి. నీ మామ ఇంజను వచ్చి నిలబడతాంది. దాంట్లోంచి ఉడుకునీళ్ళు పట్టిస్తాడు, ఆ నీళ్ళతో టీ కాసుకుంటాంటిమి. బొగ్గు వాసన వస్తాది ఆ టీ. ఇప్పుడు ఎంత సక్కెర యేసినా ఆ రుచి రాదు. టీ తాగినాక పురికొస తీసుకోని ఇంజను కొలుస్తాంటి. నా మింద ఆవిరి వదిలి నవ్వుతాంటాడు, వేపాకు తిన్న మేకపోతు మాదిరి."

"అది మెయిలుకు వచ్చే ఇంజనేనా?"

మునస్వామి నా వైపు చూశాడు. మీసం కొస ఒకటి లేచింది. ఈ కోడలు తెలిసే అడుగుతోందని ఆయనకు అర్థమైంది.

"మెయిలు ఇంజనుకు మూతి ఉంటాదమ్మా, బాణం మాదిరి. ఇది మూతి లేనిది. ఇది తోపుడింజను. జోలార్‌పేట నుంచి కుప్పం దాకా ఎగువ గదా, ఒక ఇంజను లాగలేదు. ముందు ఒకటి లాగతాది, ఎనక ఇది తోస్తాది. ముందుది కూస్తే ఇది బదులు కూస్తాది. ఎగువంతా ఎక్కించి కుప్పంలో మెల్లగా ఇడిచిపెడతాది. బండి బెంగుళూరికి పోతాది, ఇది ఒంటిగా ఎనక్కి దిగిపోతాది. బండిలో నిద్రపోయేటోళ్ళకు తెలీను గూడా తెలీదు, ఎవురో తోసినారని."

ఇల్లు నడిపేవాళ్ళకు ఆ సంగతి విడమరిచి చెప్పనక్కర్లేదు. నేను కాఫీ గ్లాసు ఆయన చేతికిచ్చాను.

లోపల పేపరు చప్పుడైంది. మామగారు గుమ్మంలో నిలబడ్డారు.

"నేను మెయిలు చేయమంటి."

"అనలే," అన్నాడు మునస్వామి. "'నా ఇంజను చేసిపెట్టు మునస్వామీ' అంటివి. నువ్వు యే ఇంజను మింద ఉంటివో ఆ ఇంజను చేసినా."

"ఆరు చక్రాలు పెట్టినావు. తోపుడింజనుకు పెద్దచక్రాలు ఎనిమిది."

"ఇత్తడి సాల్లేదబ్బా. అది నా తప్పే, ఒప్పుకుంటా."

"మెయిలుకే ఆరు. ఆరు సూసేతలికి నాకు ఆ బుద్ధి పుట్టింది. ముక్కొకటే గదా తక్కువ అనిపించింది."

"బుద్ధి పుడితే పుట్నీ. నీ ఇంజను, నీ ముక్కు."

"నా సౌటు," అన్నారు అత్తగారు.

"ముక్కు పెట్టుకున్నందుకు నాకు బాధ లేదక్కా." మునస్వామి గొంతు మొదటిసారి తగ్గింది. "రిటైరైన పొద్దు అందురికీ బూంది పెట్టినారు గదా. ఆడ బల్ల మింద నా ఇంజను. సూస్తే దాని మొగాన ఏందో బుర్ర. 'ఇదెవురు పెట్టినారబ్బా' అంటి. అంతమంది ముందర నీ మొగుడు ఏమన్న్యాడు? 'వీనికి కండ్లు సరిగా కనపడవు, తప్పు చేసినాడు, నేను సరిచేసినా. పుంగనూరోళ్ళకు అన్నీ సగమే కనపడతాయి' అన్న్యాడు. అందురూ నవ్వినారు. బూంది ఆకులోనే వదిలి వచ్చేస్తి. మళ్ళీ ఇంజను ముట్టుకోలే. బిందెలు, చెంబులు. అంతే."

గుమ్మం పట్టుకున్న మామగారి చెయ్యి కిందికి జారింది.

"ముక్కు అతికించను నేను రాలే," అన్నాడు మునస్వామి. "నీ కోడలు కబురు పంపకపోయినా ఈ పొద్దు వస్తాంటి. నీ ఇంజను ఇంగా ఉండాది గోవిందరాజులూ. ఇన్నేండ్లు షెడ్డులో మూలన పడుండె. పాత ఇనుముకు కోసేదానికి తీసకపోతాండారు. రేపు పొద్దన కుప్పంలో ఒక పూట నిలబెడతారంట. స్టేషనోళ్ళు పూలు కట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, ఒకతూరి పూజ చేసి పంపుతారంట. గుమ్మడికాయ కొట్టేదానికి, దాన్ని నడిపినోడు కావాలన్న్యారు. సంతలో నన్ను అడిగినారు, ఎవురబ్బా దాని డ్రైవరు అని."

"సెప్పినావా?"

"నేనెందుకు సెప్తా? నీ నోటితో కాదన్న దాన్ని నా నోటితో ఔనంటానా? నల్లప్ప ఉండాడే, నీ కింద బొగ్గు యేసినోడు, ఆ ఇంజను తనదేనని సెప్పుకోని తిరగతాండాడు. నువ్వు రాకపోతే వాడు కొడతాడు. వస్తే వచ్చి, దాని ముందర నిలబడి, ఇది నాది అను. నాకు ఇంగేం వద్దు."

మామగారు అత్తగారి వైపు చూశారు. ఆ చూపు నాకు కొత్త. ఇన్నాళ్ళూ మెయిలు డ్రైవరు భార్యగా మా వీధిలో ముందు వరసలో పసుపు కుంకుమలు అందుకున్న మనిషి ముందు, ఆ మాట చెప్పడం ఎలాగన్న చూపు అది.

అత్తగారు సౌటును కొంగుతో తుడుస్తున్నారు.

"నన్నేం సూస్తావు? నాకు తెలీదా?"

"ఏం తెలుసు?"

"మెయిలు నడిపే మొగుడు మద్దేన్నం కూటికి ఇంటికొస్తాడా? బెంగుళూరు పోయేటోడు బెంగుళూరులో తింటాడు, ఆడనే పండుకుంటాడు. నువ్వు కుప్పంలో దిగి రోజూ నా చేతి సంగటి తిన్న్యావు. ఆ మెయిలు డ్రైవర్ల పెండ్లాలు నన్ను సూసి కుళ్ళుకుంటాంటే, నాకు తెలీకుండా ఉంటాదా?"

"మరి యాల అనలే?"

"నువ్వు సెప్పలేదని."

మామగారు పీట మీద కూర్చున్నారు. కుట్టుమిషనుకూ కొయ్య ఇంజనుకూ మధ్య, పూజకు పెట్టిన సామానులో ఆయనా ఒకటైనట్టు. ఇత్తడి ఇంజనును ఒళ్ళోకి తీసుకుని, బొటనవేలితో ఆ చదును ముఖాన్ని తడిమారు.

"ఎగువ ఎక్కేటప్పుడు గార్డు ఒకడే నాకు కనపడతాన్న్యాడు," అన్నారు నెమ్మదిగా. "ఎనక పెట్టెలో నిలబడి. కుప్పంలో నేను ఇడిచిపెట్టినాక లాంతరు ఊపుతాడు. ఆ లాంతరు మలుపు తిరిగిపోయేదాకా సూస్తాంటి. ఇంగ ఎవురికీ తెలీదు. రిటైరైన పొద్దు, ఒకరోజన్నా ముందర ఉండేదని..."

మాట పూర్తి కాలేదు. గేటు చప్పుడైంది. ఎదురింటి గంగాధరంగారు, హైస్కూల్లో లెక్కలు చెప్పే ఆయన, పళ్ళెంలో శనగలు పట్టుకుని లోపలికి వచ్చారు. మామగారికి మెయిలు అని పేరు పెట్టింది ఈయనే.

"ఏమి మెయిలు మామా, పూజ అయిపోయిందా? అరె, ఇంజను తోమినట్టుండారే. ముక్కు యాడికి పోయింది?"

అత్తగారు సౌటు కొంగులో దాచారు. ఎందుకు దాచారో ఆవిడకే తెలియాలి. కావాలంటే మామగారు ఇప్పుడు ఏమైనా చెప్పుకోవచ్చు. పడి విరిగిందనొచ్చు, కంచరికి ఇచ్చాననొచ్చు. కంచరి ఎదురుగానే ఉన్నాడు, కాదనేట్టు కూడా లేడు. గొడుగు తీసుకుని చెప్పుల్లో కాలు పెడుతున్నాడు.

మామగారి పెదాలు కదిలాయి. ఏదో అన్నారు. నాకు వినబడలేదు.

మునస్వామి గుమ్మంలో ఆగి, చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు.

"ఏందో అంటివే? పుంగనూరోళ్ళకు సగమే ఇనపడతాది."

మామగారు లేచి నిలబడ్డారు. ఇంజను ముఖాన్ని వీధివైపు తిప్పి పీట మీద పెట్టారు. ఈసారి ఎదురింట్లో వాళ్ళకు కూడా వినబడింది.

"నన్ను మెయిలు అనొద్దు గంగాధరం. నేను మెయిలు యెప్పుడూ నడపలే. దాని ఎనక తోపుడింజను నడిపినా. ఇదే ఆ ఇంజను. మునస్వామి సరిగ్గానే చేసినాడు, నేనే తప్పు."